దూలం మీద సాక్ష్యం

నా చిన్నప్పుడు నేను ఒక దూలం మీద సాక్ష్యం చెప్పాను. మనుషుల మీద సాక్ష్యం చెప్పినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు గాని, నోరులేని తాటి దూలం మీద నేరం మోపి, అందుకు బహుమానంగా బెల్లం కమ్మరకట్టు నోట్లో వేసుకుని చప్పరించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వీడికి నోటి దూల జాస్తి అని మా అవ్వ పూటకొకసారి తిట్టేది. ఆ దూల తిరిగి తిరిగి ఒక దూలం మీదే పడుతుందని ఆమె కూడా అనుకొని ఉండదు. ఇప్పుడు లేచి కూర్చున్నప్పుడల్లా నా నడుమే పాత దూలంలాగా కిర్రుమంటోంది. అది పూర్తిగా కూలకముందే నా తెలివితక్కువతనం గురించి నేనే చెప్పుకోవడం మర్యాద.

మా ఊరు తిరుత్తణికీ తిరువళ్ళూరుకీ మధ్య, రైలు పట్టాలకు రెండు మైళ్ళు లోపలికి ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పొలంలో రెండూ. మా తాతయ్య సేద్యం చేసేవాడు గాని ఆయన మనసంతా పాత కలప మీద ఉండేది. తిరుత్తణిలోనో తిరువళ్ళూరులోనో పాత ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే చాలు, బండి కట్టేవాడు. తలుపు చట్టాలు, కిటికీ కమ్ములు, నాటు పెంకులు, అరిగిన గడపలు అన్నీ మా పెరట్లో పశువుల కొట్టం పక్కన పేర్చి ఉండేవి. ఊళ్ళో ఎవరింట్లో వాసం విరిగినా, తలుపు ఊడినా ముందు మా పెరటికే వచ్చేవాళ్ళు. కొత్త చెక్క మీద ఆయనకు నమ్మకం లేదు. కొత్త చెక్క ఇంకా తాను చెట్టుననే అనుకుంటూ ఉంటుందట. ఎండకు వంగుతుంది, వానకు ఉబ్బుతుంది. పాత చెక్కకు మాత్రం తన పని ఏమిటో తెలిసిపోయి ఉంటుందట. దూలాన్ని కొడవలి వీపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. చేవ ఉన్నది ఖంగుమంటుంది, చెదలు తిన్నది బొదబొదమంటుంది. నా నెత్తిమీద కూడా ఒకసారి వేలితో కొట్టి, చాలాసేపు విని, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మా పక్కిల్లు తాటి దూలం మీద పెంకులు కప్పిన రెండు గదుల మట్టి ఇల్లు. అందులో పక్కింటి అక్క, బావ, వాళ్ళ రెండేళ్ళ పాప ఉండేవాళ్ళు. అక్కా బావా అన్నది పిలుపే గాని చుట్టరికం లేదు. బావ తెల్లవారగానే సైకిలుకు రెండు వైపులా వంకాయ బుట్టలు కట్టుకొని తిరుత్తణి సంతకు తొక్కేవాడు. మధ్యాహ్నం ఖాళీ బుట్టలతో తిరిగి వచ్చి, నన్ను ఆ సైకిలు ఎక్కించి వెనక పట్టుకొని పరుగెత్తేవాడు. పట్టుకొనే ఉన్నానురా అని అరుస్తూ ఎప్పుడో వదిలేసేవాడు. నేను పడి మోకాలు కొట్టుకున్నాక గాని ఆ సంగతి తెలిసేది కాదు. పాపకు ఇంటి నడిమి దూలానికే తాడు వేసి చీర ఉయ్యాల కట్టారు. ఉయ్యాల ఊపే పని నాది. ఊపినంతసేపూ దూలం మీద తాడు కిర్రు కిర్రుమనేది.

ఆ రెండిళ్ళ వెనక వాన నీళ్ళు పోయే చిన్న కాలవ ఉండేది. మా ఇల్లు కాస్త మెట్టన, అక్క వాళ్ళది పల్లంలో. కాలవకు అవతల మేడింటి మామ కళ్ళం. మా వీధి మొత్తానికి మేడ ఆయన ఒక్కడిదే. అందుకేనేమో, కింద నిలబడి మాట్లాడినా ఆయన మాట పైనుంచి వచ్చినట్టే ఉండేది. సగం ఊరి పొలాలకు ఆయన బావి నీళ్ళే పారేవి. కాబట్టి ఆయన మంచివాడు అనే విషయంలో ఊళ్ళో భిన్నాభిప్రాయం లేదు.

ఆ యేడు కార్తీకంలో ముసురు పట్టింది. మామ కళ్ళంలో పెరికి తెచ్చిన వేరుశనగ కుప్ప పోసి ఉంది. మొదటి రోజు మధ్యాహ్నం నేను తలమీద గోనెసంచి కొప్పెర వేసుకొని కాలవలో పీతలు వెతుకుతూ ఉండగా, మామ ఇద్దరు కూలివాళ్ళను పిలిపించి కాలవకు అడ్డంగా మట్టి కట్ట వేయించాడు. నీళ్ళు పొంగి కళ్ళంలోకి రాకూడదని ఆయన ఆత్రం. కాలవ నిండి, నీళ్ళు వెనక్కు మళ్ళి, అక్క ఇంటి వెనక గోడను ఆనుకొని నిలిచాయి. నాకు మాత్రం పండగ. నా పీతలకు పెద్ద మడుగు దొరికింది. బావ వెళ్ళి మామను అడిగాడు.

“రెండు దినాలు ఓర్చుకో అబ్బయ్యా. చెనిక్కాయలు ఎత్తేసినాక నేనే తీయించేస్తా” అన్నాడు మామ.

మామ మాట మీద బావ రెండు రోజులు ఓర్చుకున్నాడు. గోడ ఓర్చుకోలేదు.

మూడో రోజు పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. వెనక గోడ అడుగున మట్టి పిండిలాగా జారిపోవడం చూసి బావ ముందు అక్కనూ పాపనూ బయటికి తోసేశాడు. తరువాత సైకిలు కోసం లోపలికి వెళ్ళాడు. అది లేకపోతే బతుకు లేదు కదా. గోడ కూలింది. గోడ మీద ఆనిన దూలం ఒక కొస జారి కిందికి వచ్చింది. అందరం పరుగెత్తి చేతులతో మట్టి తవ్వి తీసేసరికి బావ చెయ్యి సైకిలు హ్యాండిలు మీదే ఉంది. ఈసారి ఆయన వదల్లేదు.

ఆ గొడవలో కాలవకు వేసిన కట్టను ఎవరు ఎప్పుడు తీసేశారో తెలియదు. మేము కాటి నుంచి తిరిగి వచ్చేసరికి కాలవ ఏమీ ఎరగనట్టు పారుతోంది.

బావ పోయిన మూడో రోజు మేడ ముందు ఊరు చేరింది. అక్క ఇకమీదట ఎక్కడ ఉండాలన్నది మాట. ఇల్లు మళ్ళీ నిలబడితే ఆమె తన చోట తాను ఉంటుంది. లేకపోతే పాపను ఎత్తుకొని ఆరణిలో అన్న ఇంటికి పోవాలి. ఆ వదిన సంగతి మా వీధికంతా తెలుసు. ఒకసారి నెల ఉండి వస్తానని వెళ్ళిన అక్క మూడో రోజే తిరిగి వచ్చి, వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లు నిలబడాలంటే దూలం కావాలి. కూలిన ఇంటిలో చెక్కుచెదరకుండా మిగిలినది ఆ దూలం ఒక్కటే. మా తాతయ్య అప్పటికే దాన్ని కొడవలి వీపుతో కొట్టి చూసి వచ్చాడు. ఖంగుమంటోందట, ఇంకో నూరేళ్ళకు ఢోకా లేదట.

మేడింటి మామ నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

“ఆ దూలం ప్రాణం తినిందప్పా. ప్రాణం తిన్న దూలం కాటికి పోవాల. ఇంట్లో పెట్టుకుంటే ఇంగొకరిని అడుగుతాది.”

మా వైపు అలాంటి నమ్మకం ఒకటి ఉండేది. మనిషిని పొట్టన పెట్టుకున్న చెక్కను కాట్లో కాల్చేయాలి. నలుగురూ తలలు ఊపారు. మామ అదే ఊపులో, పావం, ఒంటి ఆడమనిషి ఆ గుంతలో ఎట్లా ఉంటాది, ఆరణికి పంపించేద్దాం, ఆ తావు నేను చూసుకుంటాలే అని కూడా అన్నాడు. కాలవకు ఇవతలి ఆ చోటు కలిస్తే కళ్ళం చదరంగా అవుతుందన్న సంగతి పెద్దయ్యాక గాని నాకు తోచలేదు. దూలం కాటికి, అక్క ఆరణికి. ఒక్క నోటితో రెండు తీర్పులు.

“చెక్కలో తప్పేమి ఉండాదప్పా? చేవ ఉండే చెక్క” అన్నాడు తాతయ్య.

అప్పుడే నా నోరు దురద పెట్టింది. “అది ముందే కూసింది మామా! నేను ఇన్నాను. కిర్రుమనింది!”

అది అబద్ధం కాదు. ఉయ్యాల ఊపినప్పుడల్లా అది కిర్రుమనేది. కాని ఆ మాటతో అందరూ నా వైపు తిరిగారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పెద్దవాళ్ళు నా మాట వినడం కోసం గమ్మునయ్యారు. ఆ నిశ్శబ్దం నా నెత్తికెక్కింది. వాన పట్టిన దినం నుంచీ కూస్తా ఉండాది, మనిషి మాదిరి ఏడ్చింది అని కూడా చేర్చాను. ఆ ఏడుపు మాత్రం పూర్తిగా నా సొంత కవిత్వం.

“ఇన్నారా? పిల్లోడికి కల్లలు యాడ తెలుసు?” అని మామ నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, లోపలినుంచి ఒక కమ్మరకట్టు తెప్పించి ఇచ్చాడు.

కాలవకు కట్ట వేయడం కూడా నేను చూశాను. దాన్ని గురించి ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. కిర్రుమనే దూలం ఉండగా గమ్మున ఉండే మట్టిని ఎవరు అనుమానిస్తారు?

నేను ఇంటికి వచ్చేసరికి నా సాక్ష్యం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. అక్క పాపను ఒళ్ళో పెట్టుకొని మా తిన్నె మీద గోడకు ఆనుకొని ఉంది. ఇల్లు పోయినప్పటినుంచీ ఆమె మా ఇంట్లోనే ఉండేది. నన్ను చేత్తో పిలిచింది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

“నువ్వు నిజంగా ఇన్నావా అబ్బోడా?”

తల ఊపాను.

“ఇన్న దినమే నాకు ఒక మాట చెప్పుంటే, ఆయన్ను లోపలికి పోనిచ్చేదాన్ని కాదు కదరా.”

నా నోట్లో కమ్మరకట్టు ఇంకా సగం ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. లేదక్కా, నేనేమీ వినలేదు, గొప్పకు చెప్పాను అని ఒక్క మాట అనాలి. ఊరి ముందు అంత గట్టిగా పలికిన నోరు ఆమె ముందు పలకలేదు. పెరట్లోకి పరుగెత్తి, పాత తలుపుల వెనక దూరి కూర్చున్నాను. నేను చెప్పిన అబద్ధం బావ చావును అక్క లెక్కలో ఆపగలిగిన చావుగా మార్చేసిందని, మాటల్లో పెట్టలేకపోయినా, అప్పుడే తెలిసింది.

తాతయ్య నన్ను తిట్టలేదు. వెతికి బయటికి లాగి, ఒక డబ్బా నిండా వంకర మేకులు, ఒక రాయి, ఒక సుత్తి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. కూలిన ఇంటి చెక్కల నుంచి పీకిన మేకులు అవి. వాటిని రాతిమీద పెట్టి ఒక్కొక్కటే సరిచేయాలి. ఇరవై మేకులకు ఒకసారి సుత్తి నా బొటనవేలి మీద పడేది. న్యాయంగానే పడింది.

ఆ తరువాత తాతయ్య మేడింటికి వెళ్ళి, మీ మాటే సరి, దూలాన్ని కాటికే పంపిస్తాను అని ఒప్పుకున్నాడు. అయితే ఒక మాట కూడా చెప్పాడు. “ప్రాణం తిన్న చెక్క అంటిరి గదా, దాన్ని మీరెవురూ ముట్టొద్దండి. ముసిలోణ్ణి, ఏమైనా అయితే నాకే కానీ.” అందరూ ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నారు, లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తాతయ్య ఒంటరిగా, ఎద్దులకు గొలుసు కట్టి, దూలాన్ని మా పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు. పసుపు నీళ్ళు చల్లి తాటాకు చాపలో చుట్టాలి, పెరట్లోకి ఎవరూ రావద్దు అన్నాడు. రమ్మన్నా ఎవరు వస్తారు? నేనైతే ఆ సాయంత్రం పెరటి తలుపు వైపు చూడటం కూడా మానేశాను.

మరునాటి పొద్దున చాప చుట్టిన దూలం బండి మీద కాటికి పోయింది. ఊరి మగవాళ్ళంతా దూరంగా నిలబడ్డారు. మేడింటి మామ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను అవ్వ కొంగు పట్టుకొని మా మెట్ట మీదనుంచి పొగ చూశాను. గంట తిరగకముందే అంతా బూడిదైంది. చూసినారా, పాపం ఎంత బిరీన కాలిపోయిందో అని మామ అన్నాడట. ఊరంతా ఆ మాట మోసుకొచ్చింది.

ఆ సాయంత్రమే తాతయ్య మా ఇంటి తిన్నె మీది దూలాన్ని దింపడం మొదలుపెట్టాడు. దాన్ని అక్కకు ఇచ్చేస్తున్నాడు. చూరు పడిపోకుండా సరుగుడు కొయ్యలు ఆసరా పెట్టాడు. అక్క లేచి వచ్చి అడ్డం పడింది.

“వొద్దు పెద్దయ్యా, నా కోసరం నీ ఇల్లు బోడి చేసుకుంటావా?”

“నాకు చెక్కకు కరువా? తిరుత్తణిలో ఏదో పాత సత్రం ఇప్పుతా ఉండారంట. ఆడ ఇంగొకటి తెచ్చుకుంటా. నువ్వు గమ్మునుండు” అన్నాడు తాతయ్య.

ఇల్లు లేస్తే ఆరణి మాట ఎవరూ ఎత్తలేరు. అందుకని తాతయ్య వాన తెరిపి ఇచ్చిన ప్రతి రోజూ పని చేశాడు. కూలిన గోడ మట్టినే మళ్ళీ నానబెట్టి, గడ్డి కలిపి, అక్కా మా అవ్వా తొక్కి తొక్కి ముద్ద చేశారు. అడుగున మాత్రం ఈసారి మట్టి కాదు. పాడుబడిన బావి నుంచి తెచ్చిన రాళ్ళు మోకాలి ఎత్తు పేర్చి, వాటిమీద గోడ లేపారు. నిలిచిన నీళ్ళు ఇక మట్టిని తాకవు. బాగున్న పెంకులు పైకి, సగం విరిగినవి చూరుకి, ముక్కలైనవి దంచి నేలలోకి పోయాయి. నేను సరిచేసిన మేకులన్నీ వాసాలలోకి పోయాయి. కొన్ని నా చదువులాగే చివరిదాకా వంకరగానే ఉండిపోయాయి.

వెనక గోడకు కిటికీ లేదు. తాతయ్య బావ సైకిలు తీసుకొచ్చాడు. వెనక చక్రం ఎనిమిది అంకెలాగా వంగిపోయింది, ముందు చక్రం ఎలాగో నిలిచింది. దాన్ని ఊడదీసి, పట్టుకొని, అక్కను అడగడానికి నోరు రాక అలాగే నిలబడ్డాడు. ఆమె ఆ చక్రం మీది మట్టిని కొంగుతో తుడిచింది.

“పెట్టు పెద్దయ్యా. ఇన్నాళ్ళు ఆయన దానికి గాలి కొట్టినాడు. ఇంగ అది నాకు గాలి ఇయ్యనీ.”

గుండ్రని కిటికీ, ఊచలే కమ్ములు. కాలవ వైపు తెరుచుకునే ఆ కిటికీ దగ్గరే ఆమె పొయ్యి పెట్టుకుంది. సంక్రాంతికి ముందే ఇల్లు లేచింది. ఇంట్లో పొయ్యి వెలిగాక, ఆ తావు చూసుకుంటానన్న మామ మాట మళ్ళీ ఎక్కడా వినిపించలేదు.

మా తిన్నె మీదికి కూడా దూలం వచ్చింది. తాతయ్య బండికి గడ్డి మోపు ఎత్తుకొని, అమ్ముకొస్తానని తిరుత్తణి వెళ్ళి, సాయంత్రానికి ఖాళీ బండి మీద పొడవాటి తాటి దూలం వేసుకొని వచ్చాడు. సత్రం విప్పితే దొరికిందన్నాడు. జీడిమామిడి తొక్కల నూనె పూయడంతో నల్లగా నిగనిగలాడుతోంది. వీధంతా వచ్చి చూసింది. మేడింటి మామ కూడా వచ్చి, వేలి కణుపుతో కొట్టి విన్నాడు.

“చూడండప్పా, పుణ్యం చేసిన ఇంటి చెక్క అంటే ఇట్లా ఉండాల!”

తాతయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఏడాది గడిచింది. మళ్ళీ కార్తీకం, మళ్ళీ ముసురు. ఒక వాన మధ్యాహ్నం నేను మా తిన్నె మీద నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకొని, మనుషులను తినే దూలం కథ చెబుతున్నాను. కథ ఏడాదిలో బాగా పెరిగింది. దూలానికి ఇప్పుడు కళ్ళు, కోరలు కూడా ఉన్నాయి. అక్క కూతురు మూడేళ్ళది, అది కూడా నోరు తెరుచుకొని వింటోంది. వెనక తాతయ్య వచ్చి నిలబడ్డది నేను చూడలేదు. ఆయన పిల్లలందరినీ ఇళ్ళకు పంపించేశాడు. లోపలినుంచి ముక్కాలిపీట తెచ్చి తిన్నె మీద వేశాడు.

“ఎక్కు.”

ఎక్కాను.

“దూలం పైన చెయ్యిపెట్టి తడుము.”

తడిమాను. దుమ్ము, సాలెగూడు. ఆ తరువాత నా వేళ్ళు ఒక గాడిలో పడ్డాయి. నున్నగా, రెండు వేళ్ళ వెడల్పున, చెక్కలోకి దిగిన గాడి. జానెడు దూరంలో అలాంటిదే ఇంకొకటి. తాడు ఒరుసుకొని ఒరుసుకొని పడిన గాడి అది. ఆ తాడును అన్ని వందల మధ్యాహ్నాలు ఊపింది నేనే. చెయ్యి చటుక్కున లాక్కోబోయి, పట్టు తప్పి, పీట మీదనుంచి నేరుగా తాతయ్య మీద పడ్డాను.

“నీ దూలమేరా” అన్నాడు ఆయన, నన్ను కింద దించి. “కాట్లో కాలింది మన కొట్టంలో ఉండే చెదల మొద్దు. చేవ ఉండే తాటి దూలం గంటలో కాలిపోతాదా? ఇంత ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదే!”

అసలు దూలాన్ని ఆయన మా గడ్డివామి కింద దాచాడు. గడ్డి మోపు అడుగున దాన్ని పెట్టుకొని తిరుత్తణి పోయాడు, గడ్డి అమ్మేసి, దాన్నే పైన పెట్టుకొని తిరిగి వచ్చాడు. అంతే ఆయన పన్నాగం.

“ఏడాదిగా దీని కిందే పండుకుంటా ఉండావు. ఇంగొకరిని అడుగుతాది అన్నారే, నిన్నేమైనా అడిగిందా?”

లేదన్నాను.

“నిన్నొక మాట అడగమని నాకు చెప్పింది. ఆ దినాల్లో నువ్వు ఇంగేమి చూసినావు?”

నేను ఏడుస్తూ కాలవ గురించి చెప్పాను. మట్టి కట్ట, ఇద్దరు కూలివాళ్ళు, బావ వెళ్ళి అడగడం, రెండు దినాలు ఓర్చుకోమనడం, నా పీతలు.

“మరి అది ఎందుకు చెప్పలేదు?”

“ఎవురూ అడగలేదు తాతా.”

దెబ్బ పడుతుందని తల వంచుకున్నాను. పడలేదు. తాతయ్య తిన్నె అంచున కూర్చొని వాన వైపు చూస్తున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“నన్ను కూడా ఎవురూ అడగలేదురా. నేనూ చూసినాను. చెప్పుంటే ఆయన బావి నీళ్ళు మనకూ రావు, ఆ పిల్లకూ రావు. నిజం చెప్పే ధైర్యం లేక కట్టెలు మార్చినాను. నాలో ఉండే చేవ అంతే.”

నాకు అర్థం కానిది ఒకటే. దూలంలో తప్పు లేదని తెలిసినప్పుడు దాన్నే అక్క ఇంటికి పెట్టి ఉండవచ్చు కదా, మనది ఎందుకు ఇచ్చావు అని అడిగాను.

“ఆ పిల్ల ఎల్లకిలా పండుకొని పైకి చూస్తే అదే కనపడతాదే” అన్నాడు. “చెక్కలో తప్పు లేదని నాకు తెలుసు. ఆ పిల్ల కండ్లకు తెలియద్దా?”

ఆ రోజు అక్కకు నిజం చెప్పాలని వెళ్ళాను. గుండ్రని కిటికీ ముందు కూర్చొని పొయ్యి ఊదుతోంది. నేను ఏమీ వినలేదక్కా, అబద్ధం చెప్పాను అన్నాను. ఆమె ఊదుడు గొట్టం పక్కన పెట్టి, నా వైపు చూసింది. అట్లయితే ఆయన పోవడం నేను ఆపలేను కదా అని నన్నే అడిగింది. లేదక్కా అన్నాను. ఏడాది నుంచి మోస్తున్నదేదో కింద పెట్టినట్టు ఆమె భుజాలు దిగాయి. అప్పుడు ఏడ్చింది. కాలవ మాట మాత్రం ఆ రోజు కూడా నా నోటికి రాలేదు. ఆమె అప్పటికే ఎరుగునేమో. ఎరిగీ ఆ బావి నీళ్ళే తాగవలసి వచ్చిందేమో.

ఎనభైలు సగం దాటేసరికి తాతయ్య లేడు. నేను తిరువళ్ళూరులో గుమాస్తాగా చేరి, సెలవులకు ఇంటికి వచ్చేవాణ్ణి. మేడింటి మామ ముసలివాడయ్యాడు. ఆయనకు మా తిన్నె మీద మనసు పడింది. రోజూ మధ్యాహ్నం తమిళ పేపరు పట్టుకొని వచ్చి, ఆ దూలం కిందే కూర్చొని చదివి, దాని కిందే ఒక కునుకు తీసి వెళ్ళేవాడు. వచ్చిపోయేవాళ్ళకు తిరుత్తణి సత్రం దూలం అని చూపించేవాడు. నేను ప్రతిసారీ నోరు నొక్కుకునేవాణ్ణి. నోటి దూల ఉన్నవాడికి అంతకంటే పెద్ద తపస్సు లేదు.

ఒక వాన రోజు, తిన్నె విప్పించి సిమెంటు కప్పు వేయించే ఆలోచన ఉందని మాటవరసకు అన్నాను. మామ పేపరు మడిచాడు.

“ఈ దూలం పారేయొద్దురా. ఇట్లాంటిది మల్లా యాడ దొరుకుతాది? తీసేటట్టయితే నాకియ్యి, నా మేడకు పెట్టుకుంటా.”

“ఇస్తాను మామా” అన్నాను. “ఒకసారి దీన్ని కాల్చేసినారు. మల్లా కాల్చకుండా ఉంటే చాలు.”

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాను. కాలినది చెదల మొద్దు అని, పక్కింటి బావ మీద పడినది ఇదేనని, పన్నెండేళ్ళుగా ఇది మా తిన్నె మీదే ఉందని, రోజూ ఆయన దీని కిందే నిద్రపోతున్నాడని. పేపరు ఆయన చేతిలోంచి జారింది. లేచి, రెండడుగులు వెనక్కి వేసి, చూరు దాటి వానలో నిలబడ్డాడు.

“కూసిందని చెప్పినోడివి నువ్వే గదరా!”

“ఆమా మామా, నేనే. అది అబద్ధం. ఆ దినాల్లో ఇంగొకటి చూసినాను. దాన్ని మీరు అడగలేదు.”

ఏమి చూశావు అని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. వాన ఆయన బట్టతల మీద కురుస్తోంది. పెదవులు కదిలాయి. అడగలేదు. గొడుగు ఇవ్వబోతే తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఈ వయసులో కూడా ఎక్కడ ఏది కూలినా, ఎవరైనా నాకు మీద పడినదాన్ని చూపిస్తే, నా కళ్ళు వాటంతట అవే నీళ్ళు ఎక్కడ నిలిచాయా అని వెతుకుతాయి. ఆ చూపు తాతయ్య ఇచ్చినది. ఆలస్యంగా చెప్పడం మాత్రం నా సొంతం. సిమెంటు కప్పు నేను వేయించలేదు. దూలం ఇంకా అక్కడే ఉంది.

మామ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో సంగతి కూడా చెప్పవలసి వస్తుంది. మా తిన్నె మాత్రం మళ్ళీ ఎక్కలేదు, మా వీధిలో నడవడమే మానేశాడు. టీ కొట్టుకు పోవాలంటే ఇక మిగిలినది వెనక దారి ఒకటే. రోజూ మధ్యాహ్నం ముసలాయన పంచె ఎత్తిపట్టుకొని, కాలవలో చీలమండల దాకా దిగి, మెల్లగా నడిచిపోయేవాడు. కాలవ పొడుగునా తల వంచుకొనే నడిచేవాడు. ఎందుకంటే తల ఎత్తితే ఎదురుగా గోడలో సైకిలు చక్రం, దాని ఊచల వెనక పొయ్యి ఊదుకుంటూ అక్క.